నీళ్ళ మీద వెండి రంగు

"ఇంట్లో బూడిద రంగు కర్టెన్లు ఎవరైనా కడతారా? ఇదేమైనా పోలీస్ స్టేషనా?" అన్నారు మామయ్య.

"బూడిద కాదు మహానుభావా, లేత ఊదా. ఎన్నిసార్లు చెప్పాలి?" అంది అత్తయ్య.

"ఎన్నిసార్లు చెప్పినా బూడిద బూడిదే."

"షాపు బయటికి తెప్పించి, ఎండలో పెట్టి మరీ చూశాను."

"అయితే ఎండదెబ్బ తగిలుంటుంది నీకు."

కర్టెన్లు కట్టి వారం దాటింది. వాటి కిందే కూర్చుని వీళ్ళిద్దరూ పొద్దున్న కాఫీతో గొడవ మొదలుపెట్టి మధ్యాహ్నం కునుకు దాకా లాగేవారు. కునుకు తీశాక కొత్త ఓపికతో మళ్ళీ అందుకునేవారు. మా ఆయన పేపరు దించకుండానే, "అమ్మా, రంగులు చూసి జీతం తెచ్చుకునే మనిషితో రంగుల పందెం వేస్తున్నావు. నువ్వు గెలవవు," అనేవారు.

అత్తయ్య నావైపు తిరిగింది. "నువ్వు చెప్పమ్మాయ్. ఏం రంగు?"

"వెలుతురుని బట్టి మారుతోందత్తయ్యా."

"ఇదిగో, అటూ ఇటూ కాని జవాబు! కోడళ్ళకి ఇది పుట్టుకతోనే వస్తుంది కాబోలు," అని అత్తయ్య నవ్వింది. మామయ్య కూడా నవ్వారు.

అవి ఊదా రంగువే. చిన్నపిల్లలనడిగినా చెప్తారు. కానీ మా ఇంట్లో రంగుల దగ్గర మామయ్య మాటకి ఎదురు చెప్పడమంటే, వంటవాడికి ఉప్పు రుచి నేర్పినట్టుండేది.

ఆయన ఉద్యోగం అలాంటిది. రెండు వారాలకోసారి కంపెనీవాళ్ళ హెలికాప్టర్ ఎక్కి, తీరానికి చాలా దూరంలో సముద్రం మీద ఒక చోటికి వెళ్ళి, నీళ్ళకేసి చూసి, అక్కడ తేలే చమురు తెట్టు ఏ రంగులో ఉందో చెప్పాలి. అంతే. నా పెళ్ళికి ముందెప్పుడో పెద్ద తుఫానుకి సముద్రం అడుగున బురద కొండచరియలా జారి, చమురు తీసే రిగ్గుని పడేసిందట. బావులన్నీ ఆ బురద కింద కూరుకుపోయాయి. అప్పట్నుంచీ అక్కడ చమురు పైకి వస్తూనే ఉంది. బావులు వాటంతటవే మూసుకుపోయాయనీ, ఆరేసిన తడిబట్టలోంచి నీళ్ళు కారినట్టు బురదలో ఇంకిన పాత చమురే కాస్త కాస్త కారుతోందనీ, కొన్నాళ్ళకి అదే ఆగిపోతుందనీ కంపెనీ అనేది.

ఎంత కారుతోందో ఎవరికి తెలుసు? సముద్రం అడుక్కి దిగి కొలిచేవాళ్ళు లేరు. పైన తెట్టు రంగుని బట్టే లెక్క. మరీ పల్చగా ఉంటే వెండి రంగు. కాస్త మందమైతే ఇంద్రధనుస్సు. ఇంకా మందమైతే రాగి, ఇత్తడి మెరుపు. ఆ పైన నలుపు. ఫోటో తీస్తే నీటి తళుకు తప్ప ఏమీ పడదు, అందుకని మనిషి కన్ను చెప్పిందే చెల్లుతుంది. మామయ్య కన్ను ఏళ్ళ తరబడి ఒకటే చెప్పింది. వెండి. కంపెనీకి ఆ మాట ఎంత ఇంపుగా ఉండేదో వేరే చెప్పక్కర్లేదు. అలాగని మామయ్య ఒక్కనాడూ ఒకరి కోసం మాట మార్చిన మనిషి కాదు. ఆ నిజాయితీయే మా ఇంటి గొప్ప.

ఆ వేసవిలో విచారణ కమిటీ వచ్చింది.

రావడానికి కారణాల్లో మా తమ్ముడొకడు. హార్బర్లో వాడికి చేపల పడవ ఉంది. తెట్టు వల్ల వలలు పాడవుతున్నాయని పడవలవాళ్ళందరినీ కూడగట్టి, కనబడినవాడికల్లా అర్జీ ఇచ్చాడు. వాడు ఏది చెప్పినా కొంచెం పెద్దదిగా చెప్తాడని మామయ్య వాడికి 'భూతద్దం' అని పేరు పెట్టారు. ఆ పేరు ఇంట్లో బాగా అతుక్కుంది. ఫోన్లో వాడి గొంతు వినగానే అత్తయ్య, "అమ్మాయ్, భూతద్దం!" అని కేకేసేది. చులకనగా కాదు, ముద్దుగానే. నేనూ అలాగే అనుకునేదాన్ని.

ఆ రోజు వాడు పాలిథిన్ సంచీలో వల ముక్క పట్టుకుని తిన్నగా హాల్లోకి వచ్చేశాడు.

"గుమ్మం బయట! గుమ్మం బయట!" అని అత్తయ్య ముక్కు మూసుకుంది. "కొత్త కర్టెన్లకి పట్టేస్తుంది ఆ కంపు."

"క్షమించండత్తయ్యగారూ, మామయ్యగారికి చూపిద్దామనీ... ఇది మొన్నటి వల. చూడండి, ముట్టుకుంటే చేతికి జిడ్డు. వెండి రంగు తెట్టుకి ఇంత జిడ్డు వస్తుందా?"

మామయ్య కళ్ళజోడు సర్దుకుని సంచీలోకి తొంగిచూశారు. "నీ పడవ ఇంజను ఆయిల్ కారుతోందేమో చూసుకున్నావా?"

"కొత్త ఇంజనండీ."

"కొత్త ఇంజన్లే కారతాయి."

మా ఆయన ఫక్కుమని నవ్వారు. తమ్ముడు కూడా నవ్వాడు, వేరే దారి లేక. వెళ్ళేముందు వాడు కర్టెన్లకేసి చూసి, "ఊదా రంగు బావుందక్కా, ఇంటికి కళొచ్చింది," అన్నాడు.

"ఇదిగో, భూతద్దానికి బూడిద కూడా ఊదాయే!" అన్నారు మామయ్య. ఈసారి అత్తయ్య కూడా నవ్వింది, తన పక్షం మాట్లాడినవాణ్ణి చూసి నవ్వుతున్నానని మర్చిపోయి.

కమిటీ తరఫున పరిశోధన ఓడ ఒకటి వచ్చి, రిగ్గు పడిన చోట వారాల తరబడి తిరిగింది. కిందికి శబ్దం పంపి, అది తిరిగొచ్చే తీరుని బట్టి అడుగున ఏముందో చూసే యంత్రం ఉందట అందులో. అడుగునుంచి పొగ లేచినట్టు ఏదో పైకి లేస్తోందని అది పట్టుకుంది. కానీ ఆ లేచేది ఉత్త గాలి బుడగలో, చమురు చుక్కలో తేల్చలేకపోయింది. చమురే అయితే దాని మీద పెద్ద ఇనప మూత బోర్లించి, కారేదంతా గొట్టంలోకి పట్టి ఓడకెక్కించవచ్చు. ఆ పని సముద్రం నిలకడగా ఉన్న నెలల్లోనే సాధ్యం. గాలులు మొదలైతే మళ్ళీ ఏడాది ఆగాల్సిందే. మూత వెయ్యాలా, అక్కర్లేదా? తిరిగి తిరిగి ఆ ప్రశ్న మామయ్య కంటి దగ్గరికే వచ్చి ఆగింది.

విచారణ ఒక స్కూలు హాల్లో పెట్టారు. కంపెనీవాళ్ళు, పడవలవాళ్ళు, చూడ్డానికి వచ్చిన మాలాంటివాళ్ళు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ గాలి కిందికి రావట్లేదు. అత్తయ్యా నేనూ మధ్య వరసలో కూర్చున్నాం.

ముందు తమ్ముణ్ణి పిలిచారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు.

"మీరు ఏ రంగు చూశారు?" అని అడిగారు కమిటీ పెద్దావిడ.

"అన్ని రంగులూనండీ."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"అన్ని రంగులూ అంటే?"

"అంటే... సబ్బు బుడగ మీద ఉంటాయి చూడండి, అలాంటివి. పడవ పోతుంటే రెండుపక్కలకీ విడిపోయి, మళ్ళీ వెనక కలిసిపోతాయి. ఎంతసేపు పోయినా అవే. అసలు వాసనైతే..."

"రంగు సంగతి చెప్పండి చాలు."

తర్వాత మామయ్య లేచారు. ఆయన మాట్లాడుతుంటే వినడం బావుంటుంది. తొందరుండదు, తడబాటుండదు. "ఇందాక మాట్లాడింది మా కోడలి తమ్ముడండీ. మంచి కుర్రాడు. మా ఇంట్లో ముద్దుగా భూతద్దం అంటాం," అన్నారు.

హాలంతా ఘొల్లుమంది.

"నాకు భూతద్దాలు లేవు. మామూలు కళ్ళతో చూస్తాను. మామూలు కళ్ళకి అక్కడ కనిపించేది వెండి రంగు. నిన్నా అదే, ఈ ఏడాది పొడుగునా అదే."

కమిటీ పెద్దావిడ కూడా పెదవి బిగించి నవ్వాపుకున్నారు. అత్తయ్య గర్వంగా నా మోచెయ్యి నొక్కింది. నేను నవ్వాను. చుట్టూ అందరూ నవ్వుతున్నప్పుడు వచ్చే నవ్వు అది, ఆపుకోవాలని తోచనైనా తోచలేదు. అప్పుడే తమ్ముడు తల తిప్పాడు. అంతమందిలో వాడు చూసింది నన్నే. చూసి, మళ్ళీ ముందుకి తిరిగి కూర్చున్నాడు. వాడి మెడ వెనకభాగం చెవుల దాకా ఎర్రబడింది.

కొత్త ఆధారం ఏదైనా వస్తే తప్ప మూత ఆలోచన వచ్చే ఏడాదికేననీ, ఆఖరి సమావేశం నెలాఖరుకనీ చెప్పారు.

ఆ తర్వాతి వారం మామయ్యని నా స్కూటర్ మీద బజారుకి తీసుకెళ్తుంటే వెనక టైరు గాలి పోయింది. దగ్గర్లో మెకానిక్ షెడ్డు కనబడితే అక్కడ ఆపాం. కుర్చీ వేశారు గానీ మామయ్య కూర్చోలేదు. ఎండ చిటపటలాడుతోంది. మెకానిక్ అంతకుముందే ఇంజను కడిగినట్టున్నాడు, షెడ్డు ముందు గుంటలో నీళ్ళు నిలిచి ఉన్నాయి. నీళ్ళ మీద పెట్రోలు. ఆకుపచ్చా, ఊదా, గులాబీ, మెలికలు మెలికలుగా తిరుగుతూ, ఒకదాన్నొకటి మింగుతూ.

"చూశారా మామయ్యా, మీ సముద్రం మిమ్మల్ని వెతుక్కుంటూ ఇక్కడికే వచ్చేసింది," అన్నాను.

ఆయన వంగి చూశారు. వృత్తి మీద ప్రేమున్న మనిషి కదా, సరదాగానే పరీక్షగా చూశారు. తల అటూ ఇటూ తిప్పి, ఎండ పడే వైపు నుంచి కూడా చూశారు.

"ఇదా? ఇదేముందమ్మా. వెండి. మొత్తం కలిపితే చుక్క కూడా ఉండదు."

నవ్వాను. వేళాకోళమనుకున్నాను. ఆయన నవ్వట్లేదు.

"పల్చటి పొరకి రంగుండదు. ఇలా మాసిన వెండిలా ఉంటుంది, అంతే. గుర్తుపెట్టుకో," అని, మెకానిక్‌కేసి తిరిగి, "ఏం బాబూ, ఇంకెంతసేపు?" అన్నారు.

నేను ఆ గుంటలోకే చూస్తూ నిలబడ్డాను. ఊదా మెలిక ఒకటి అంచుదాకా పాకి, మట్టిలో ఇంకిపోయింది.

రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి నోరు రాలేదు. నన్ను సొంత కూతురిలా చూసుకునే మనిషి. మూడో రోజు మా ఆయనకి చెప్తే ముందు కసిరారు. తర్వాత లేచి, వాళ్ళ నాన్న నీలం చొక్కాలు రెండు తెచ్చి మంచం మీద పడేశారు, ఒకటి ముదురు, ఒకటి ఊదా కలిసింది. మామయ్యని పిలిచి, "నాన్నా, ఈ రెంటిలో నాకేది నప్పుతుంది?" అన్నారు.

"రెండూ ఒకటేగా. ఏదైతే ఏం?" అన్నారు మామయ్య.

మా ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

కొత్త కళ్ళజోడని చెప్పి నలుగురం కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆ డాక్టరమ్మ లైటు వేసి చాలాసేపు చూసింది. "రెండు కళ్ళలోనూ శుక్లాలండీ. లెన్సు టీ డికాక్షన్ రంగుకి తిరిగిపోయింది. ఇన్నాళ్ళూ ఎలా నెట్టుకొచ్చారు?"

"ఏటా పరీక్ష చేస్తారమ్మా. అక్షరాలన్నీ చదువుతాను," అన్నారు మామయ్య, బళ్ళో పిల్లాడిలా.

"తెలుపు మీద నలుపు చదువుతారు. దాంతో రంగుల సంగతి తెలీదు. నీలం, ఊదా ముందు పోతాయి. ఒక్కసారిగా పోతే గోల పెడతాం. ఇలా మెల్లిగా పోతే లోకమే ఇలా ఉంటుందనుకుంటాం."

"ఎప్పట్నుంచి అయ్యుంటుంది?" అన్నారు మా ఆయన.

"ఎలా చెప్పగలం? ఏళ్ళే అయ్యుంటుంది."

మామయ్య కుర్చీలో ముందుకి జరిగారు. "ఇంద్రధనుస్సు ఉందనుకోండి. అది నాకెలా కనిపిస్తుంది?"

ఆవిడ నవ్వింది. "మీరే చెప్పాలి. ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

ఆయన ఆలోచించారు. నిజంగానే, కుర్చీ చేతులు పట్టుకుని ఆలోచించారు.

కారులో తిరిగొచ్చాం. ఇల్లు దగ్గరపడుతుండగా మామయ్య అన్నారు, "పైలట్ కుర్రాడొకసారి అన్నాడు. 'సార్, ఈసారి రంగులు బాగా తేలినట్టున్నాయి' అని. నువ్వు హెలికాప్టర్ చూసుకో నాయనా, నీళ్ళు నేను చూసుకుంటానన్నాను. బాగా మందలించాను."

ఇంటికి రాగానే అత్తయ్య తలుపేసి, కర్టెన్లు కూడా జరిపి, గొంతు తగ్గించింది. "ఇందులో గాభరా పడాల్సిందేం లేదు. మా అక్క వాళ్ళ ఊళ్ళో మంచి ఆసుపత్రి ఉంది. అక్కకి బాగాలేదని సెలవు పెట్టండి. అక్కడే ఆపరేషన్ చేయించుకుని, కళ్ళు కుదుటపడ్డాక వచ్చేద్దాం. అప్పుడు హెలికాప్టర్ ఎక్కి ఏ రంగు కనిపిస్తే ఆ రంగు చెప్పండి. తెట్టు ఈమధ్యే పెరిగిందనుకుంటారు. ఎవరి పరువూ పోదు."

"నాన్న అబద్ధం చెప్పినట్టూ ఉండదు," అన్నారు మా ఆయన.

"ఉండదు. ఆయన ఎప్పుడైనా చెప్పారా ఏంటి అబద్ధం? చూసిందే చెప్పారు."

ఇద్దరూ నావైపు చూశారు. సెలవు, ఆపరేషన్, విశ్రాంతి అయ్యేసరికి నెలాఖరు దాటిపోతుంది. గాలులొచ్చేస్తాయి. మూత వచ్చే ఏడాది మాటే. తమ్ముడు ఇంకో ఏడాది ఆ జిడ్డు వలలే లాగాలి, ఇంకో ఏడాది భూతద్దంగానే ఉండాలి. ఇదంతా నాకు తెలుసు. తెలిసీ, "అత్తయ్య చెప్పింది బాగానే ఉంది," అన్నాను. అలా అనగానే గదిలో అందరికీ ఊపిరాడినట్టయింది. నాక్కూడా.

మామయ్య పంచె చెంగుతో కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. అద్దాలు తళతళలాడుతున్నా ఇంకా తుడుస్తూనే ఉన్నారు.

అత్తయ్య సూట్‌కేసు దించి సర్దడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రం మామయ్య వంటింటి గుమ్మంలోకి వచ్చి, "అమ్మాయ్, మీ తమ్ముడు పడవ ఎప్పుడు తీస్తాడు? నన్నొకసారి అక్కడికి తీసుకెళ్తాడా? నువ్వూ రా," అన్నారు.

తెల్లవారుతుండగా బయల్దేరాం. తమ్ముడు ఎందుకని అడగలేదు. మామయ్యకి లైఫ్ జాకెట్ తొడిగి, బెల్టులు తనే బిగించి, కుదుపు తక్కువుండే చోట కూర్చోబెట్టాడు. ఆయన కళ్ళు మూసుకుని కూర్చున్నాక నా పక్కకొచ్చి నిలబడ్డాడు.

"ఆ రోజు నువ్వు కూడా నవ్వావక్కా," అన్నాడు. నిష్ఠూరంగా కాదు. ఏదో గుర్తొచ్చినట్టు.

నేను సముద్రంకేసి చూశాను. వాడు ఇంజను దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఎండెక్కాక ముందు వాసనొచ్చింది. పెట్రోలు బంకులో వచ్చేదానికంటే బరువైన వాసన, గొంతులో దిగి కూర్చుంది. మామయ్య చప్పున కళ్ళు తెరిచారు.

"ఇదేంటిది?"

"అదేనండీ," అన్నాడు తమ్ముడు.

"ఇంత వాసనా?"

"పైన హెలికాప్టర్ దాకా రాదు కదండీ."

ఇంజను ఆపేశాడు. నిశ్శబ్దంలో పడవ మెల్లిగా ఊగుతోంది. అడుగునుంచి నల్లటి చుక్కలు ఒక్కొక్కటే లేచి, పైకి రాగానే ఫట్‌మని పగిలి, పళ్ళెమంత పరుచుకుంటున్నాయి. ఒక పళ్ళెం ఇంకో పళ్ళేన్ని తాకి, రెండూ కలిసి చాపై, చాప చాపతో కలిసి, చూపు ఆనినంత మేరా.

మామయ్య పడవ అంచు పట్టుకుని వంగారు. కళ్ళజోడు తీసి చూశారు, పెట్టుకుని చూశారు. ఒక కన్ను మూసి చూశారు.

"వెండే," అన్నారు. "ఎంత చూసినా వెండే కనిపిస్తోంది." తమ్ముడికేసి తిరిగి, "బాబూ, నీకేం కనిపిస్తోంది?" అన్నారు.

"నేను చెప్తే భూతద్దమంటారు మామయ్యగారూ. అక్కనడగండి."

ఆయన నాకేసి చూశారు. ఆ కళ్ళని అంత దగ్గరగా నేనెప్పుడూ చూళ్ళేదు. నల్లగుడ్డు మధ్యలో తేనె చుక్క ఎండిపోయినట్టుంది.

"చెప్పమ్మా."

"ఇక్కడ, పడవ పక్కన... నెమలి మెడ రంగు, మామయ్యా. నీలం, ఆకుపచ్చ. దాని పక్కన ఊదా. ఆ అవతల గులాబీ, పసుపు చారలు."

"చారలంటే ఎంత వెడల్పు?"

"మన హాలంత ఉంటుంది."

"ఇంకా అవతల?"

"అక్కడ రంగుల్లేవు. రాగి చెంబు తోమి పెట్టినట్టుంది."

ఆయన పెదవులు కదిలాయి. లెక్క వేసుకుంటున్నారని అర్థమైంది. వెండి అయితే ఇంత, ఇంద్రధనుస్సయితే ఇంత, రాగి అయితే ఇంత. ఎంతదాకా వెళ్ళారో తెలీదు, మధ్యలో ఆపేశారు.

"కర్టెన్లో?" అన్నారు.

"ఊదా రంగే మామయ్యా."

"వెలుతురుని బట్టి మారట్లేదూ?"

"లేదు మామయ్యా. ఎప్పుడూ మారలేదు."

తల కొట్టేసినట్టయింది నాకు. ఆయన మాత్రం చిన్నగా తలూపి, జేబులోంచి రుమాలు తీసి, నీళ్ళలో ముంచి, పైకి తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తిరుగు ప్రయాణమంతా ఆ రుమాలు ఆయన చేతిలోనే ఉంది.

ఆదివారం మధ్యాహ్నం తమ్ముణ్ణి భోజనానికి పిలిచారు మామయ్య. ఆయనే ఫోన్ చేశారు. సోమవారం రైలు. సూట్‌కేసు హాల్లో తలుపు పక్కన తయారుగా ఉంది. తమ్ముడు దాన్ని చూసి, "ఊరికా అత్తయ్యగారూ?" అన్నాడు.

"మా అక్కకి ఒంట్లో బాగాలేదు నాయనా," అంది అత్తయ్య, వాడి కళ్ళలోకి చూడకుండా.

అందరికీ వడ్డించి నేనూ కూర్చున్నాను. మా ఆయన ఎండల గురించి ఏదో అన్నారు. తమ్ముడు ఔనన్నాడు. మామయ్య అన్నం కలుపుతూ, తల ఎత్తకుండా అన్నారు:

"సూట్‌కేసు లోపల పెట్టెయ్యండి. సోమవారం నేను రావట్లేదు."

అత్తయ్య ముద్ద కలిపే చెయ్యి ఆగిపోయింది. "అదేంటి?"

"గురువారం ఆఖరి సమావేశం. అక్కడికెళ్తాను. ముందు ఈ కళ్ళని కమిటీవాళ్ళ డాక్టరు చూడాలి, ఇలా ఉన్నవాటిని ఉన్నట్టు. ఆపరేషన్ అయిపోతే చూడ్డానికేం మిగలదు. నేను చెప్పిన వెండి అంతా కొట్టెయ్యమంటాను. ఇంకెవరినైనా పైకి పంపి చూసుకోమంటాను, గాలులు రాకముందే."

"నాన్నా, కంపెనీవాళ్ళు ఊరుకుంటారా?" అన్నారు మా ఆయన.

"ఊరుకోరు."

"పోనీ కాగితం రాసి పంపించెయ్యొచ్చుగా," అంది అత్తయ్య. "అంతమందిలో లేచి చెప్పాలా? అంతమందీ నవ్వితే..."

"అంతమందిలోనే కదా వీణ్ణి చూసి నవ్వించాను," అన్నారు మామయ్య.

తమ్ముడు కంచంలోకి చూస్తున్నాడు. వాడి చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి, ఈసారి వేరేలా.

"బాబూ, నువ్వు నా పక్క కుర్చీలో కూర్చోవాలి. నీ వల సంచీ తెచ్చుకో. రంగుల గురించి ఎవరైనా అడిగితే నాకు తెలీదు, నువ్వు చెప్పాలి."

"అలాగే మామయ్యగారూ," అన్నాడు వాడు.

"నేనూ చెప్తాను," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అత్తయ్య నావైపు తిరిగింది. లేచి, చెయ్యి కడుక్కుని వచ్చి, సూట్‌కేసు తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళింది. తాళం తీసిన చప్పుడు, బట్టలు బయటికి తీస్తున్న చప్పుడు. చాలాసేపటికి అక్కణ్ణుంచే అడిగింది, ముక్కు ఎగబీల్చుకుంటూ:

"గురువారానికి ఏ చొక్కా ఇస్త్రీ చెయ్యమంటారు? నీలమా, ఊదానా?"

మామయ్య కిటికీ వైపు చూశారు. ఎండ కర్టెన్లలోంచి నేల మీద పడుతోంది.

"నువ్వే చూసి తియ్యి," అన్నారు.